యూరప్ టూరుకి కొబ్బరితోట అమ్మక్కర్లేదు మాస్టారూ

ప్రశ్న: పాలకొల్లు దగ్గర ఒక ఊళ్లో హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యాను. నాకు 70, మా ఆవిడకి 66. పెన్షన్ నెలకు 52 వేలు. పోస్టాఫీసు సీనియర్ సిటిజన్స్ స్కీములో 15 లక్షలు వేసి ఏడాదిన్నర అయింది. బ్యాంకులో ఎఫ్‌డీలు 14 లక్షలు. అందులో 9 లక్షలది ఫిబ్రవరిలో చేతికొస్తుంది. సేవింగ్స్‌లో 2 లక్షలున్నాయి. ఎకరంన్నర కొబ్బరితోట మీద దింపు కూలీ, ఎరువులూ పోను ఏడాదికి లక్షా ఇరవై వేలు మిగులుతుంది. మందులతో కలిపి ఇంటిఖర్చు నెలకు 38 వేలు. పిల్లలిద్దరూ స్థిరపడ్డారు. ఒకసారి సింగపూర్ వెళ్లొచ్చాం. మే నెలలో యూరప్ చూసొస్తే ఇక విదేశాలు చాలనుకుంటున్నాం. లండన్‌తో కలిపి 14 రోజులు, 8 దేశాలు, మనిషికి 3.4 లక్షలు అంటున్నాడు ఏజెంటు. మా అబ్బాయేమో ‘ఈ వయసులో అంత డబ్బు తగలేస్తారా’ అంటున్నాడు. తోటలో పది సెంట్లు అమ్మమంటారా, స్కీము డబ్బు తీయమంటారా, ఏజెంటు ఇప్పిస్తానన్న ఈఎంఐ తీసుకోమంటారా? నాకు నాలుగేళ్ల క్రితం స్టెంటు వేశారు, మా ఆవిడకి మోకాళ్ల నొప్పులు. ఆవిడకి మంచు చూడాలని ఉంది, నాకు కాటన్ దొర సమాధి చూడాలని ఉంది.

జవాబు: మాస్టారూ, మూడూ వద్దు. పది సెంట్లు అమ్మితే మళ్లీ కొనలేరు. ఈఎంఐ మాట ఎత్తకండి. సీనియర్ సిటిజన్స్ స్కీము రెండేళ్లు నిండకుండా మూసేస్తే అసలులో ఒకటిన్నర శాతం కోత పడుతుంది. 15 లక్షల మీద 22,500. పైగా మూడు నెలలకోసారి వచ్చే వడ్డీ ఆగిపోతుంది. ఫిబ్రవరిలో వచ్చే 9 లక్షలు చాలు.

మీ అబ్బాయికి ఈ లెక్క చూపించండి. 8.2 శాతం చొప్పున స్కీము వడ్డీ మూడు నెలలకు 30,750, అంటే నెలకు పదివేల పైచిలుకు. కొబ్బరి దింపు డబ్బులు నెలకు పది వేలు. పెన్షన్‌తో కలిపితే 72 వేలు దాటుతోంది. ఇంటిఖర్చు పోగా 34 వేలు మిగలాలి. పండగలకు, మనవలకు నాలుగు వేలు తీసేసినా నెలకు 30 వేల మిగులు. ఏజెంటు చెప్పిన 6.8 లక్షలకు జీఎస్టీ, టీసీఎస్, వీసాలు, ఇన్సూరెన్స్, హైదరాబాద్ తిరుగుళ్లు, స్వెట్టర్లు, చేతిఖర్చు కలిపితే 9 లక్షల దాకా వెళ్తుందనుకోండి. మీకది రెండున్నరేళ్ల మిగులు, అంతే. ఆ తర్వాత కూడా స్కీములో 15, ఎఫ్‌డీలో 5, సేవింగ్స్‌లో 2 లక్షలు ఉంటాయి. అయితే ఆ 5 లక్షల ఎఫ్‌డీ ఇవాళ్టి నుంచి మందులు, ఆస్పత్రి కోసమే. టూరులో ఏది ముద్దొచ్చినా దాని జోలికి వెళ్లకండి.

టీసీఎస్ అంటే కంగారు పడకండి. విదేశీ టూర్ ప్యాకేజీ అమ్మేటప్పుడు ముందుగా పట్టుకునే పన్ను అది. రేటు ఈమధ్య మారుతూ వస్తోంది. 2025-26లో 10 లక్షల వరకు 5 శాతం, అంటే మీ ప్యాకేజీ మీద 34 వేలు. మీరు కట్టే రోజున ఎంతో బిల్లులో విడిగా వేయించుకోండి. కొత్త పన్ను విధానంలో 12 లక్షల ఆదాయం దాకా రిబేటు ఉంది కాబట్టి మీకు పన్ను పడదు, పట్టుకున్నదంతా వెనక్కి వస్తుంది. కానీ రిటర్న్ వేస్తేనే. బిల్లు మొత్తం మీ పాన్ మీదే రాయించండి. సగం అమ్మగారి పాన్ మీద రాస్తే ఆవిడ పేరున కూడా రిటర్న్ వేయాల్సొస్తుంది.

డబ్బు సంగతి తేలింది కాబట్టి, నాకు అసలు టెన్షన్ పెట్టిన విషయానికి వస్తాను. 14 రోజుల్లో 8 దేశాలు! నా దగ్గరికొచ్చే ఒక జంట ఇలాంటి టూరుకే వెళ్లొచ్చి ఫోన్లో ఫొటోలు చూపించారు. సగం ఫొటోల్లో బస్సు అద్దం మీద ఫ్లాష్ వెలుగు, దాని వెనకాల ఏదో చర్చి. ఏ ఊరండీ అని అడిగితే ఆయన ఆవిడ వైపు చూశారు, ఆవిడ ఆయన వైపు చూశారు. ఆవిడకి బాగా గుర్తున్నది మాత్రం బస్సు ఆగిన ప్రతిచోటా బాత్రూమ్ కోసం యూరో బిళ్లలు వెతుక్కోవడం. (మీరూ చిల్లర దగ్గర పెట్టుకోండి, అక్కడ చాలాచోట్ల డబ్బులిస్తేనే లోపలికి.) మోకాళ్ల నొప్పులున్న మనిషిని రోజుకో హోటల్ మార్పిస్తూ తిప్పడానికి మీరు 9 లక్షలు ఇవ్వబోతున్నారు.

మీ ఉత్తరంలో మీరిద్దరూ నోరు తెరిచి కోరినవి రెండే: మంచు, సమాధి. టూరు వాటి చుట్టూ కట్టుకోండి. స్విట్జర్లాండ్‌లో అయిదు రోజులు, పారిస్‌లో మూడు, లండన్‌లో నాలుగు. కాటన్ దొర 1899లో పోయింది లండన్‌కి దక్షిణంగా సర్రీలోని డోర్కింగ్‌లో, సమాధీ ఆ ఊరి శ్మశానంలోనే. లండన్ నుంచి రైల్లో గంట ప్రయాణం. గ్రూపు బస్సు మీకోసం అటు తిరగదు. 1852లో ఆ దొర కట్టించిన ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక పచ్చబడిన నేల మీద పుట్టి, ఇంత దూరం వెళ్లి, బస్సు ఆగదని తిరిగొచ్చేస్తే మీకు జన్మంతా వెలితే. ఒక రోజు టూరు వాళ్లకి సెలవిచ్చి, మీ ఇద్దరూ వెళ్లి రండి.

మంచు విషయం. ఏజెంట్లు అందరినీ యుంగ్‌ఫ్రావ్‌యోక్ ఎక్కిస్తారు. యూరప్‌లో అన్నిటికన్నా ఎత్తున ఉన్న రైల్వే స్టేషన్ అది, 3,454 మీటర్లు. స్టెంటు ఉన్న మీరు అంత ఎత్తు ఎక్కొచ్చో లేదో చెప్పాల్సింది మీ హార్ట్ డాక్టరు, ఏజెంటు కాదు. డబ్బు కట్టక ముందే ఆయన్ని కలవండి. ఆయన వద్దంటే కింద ఇంటర్లాకెన్ ఊళ్లో బెంచీ మీద కూర్చున్నా యుంగ్‌ఫ్రావ్ శిఖరం మంచుతో కనిపిస్తుంది. అమ్మగారికి తోడుగా కిందే ఉండిపోయినా నష్టం లేదు. విమానాశ్రయాల్లో వీల్‌చైర్ అడగడానికి మొహమాటపడకండి, దానికి మామూలుగా డబ్బులు తీసుకోరు. టికెట్ కొనేటప్పుడే చెప్పాలి.

షెంగెన్ వీసాకి (యూరప్‌లో చాలా దేశాలకు కలిపి ఇచ్చే వీసా) కనీసం 30 వేల యూరోల ట్రావెల్ ఇన్సూరెన్స్ ఎలాగూ తప్పనిసరి. చాలామంది వీసా కోసమని అన్నిటికన్నా చవకది తీసుకుంటారు. మీరు అలా చేయకండి. స్టెంటు, మోకాళ్లు, బీపీ, షుగర్ ఉంటే అవీ, అన్నీ ఫారంలో రాయండి. పాత జబ్బు వల్ల అక్కడ ఆస్పత్రిలో చేరితే ఎంతవరకు ఇస్తారో రాతపూర్వకంగా అడగండి. నాకు తెలిసిన ఒకాయన బీపీ దాచిపెట్టాడు, అక్కడ పడిపోయాక క్లెయిము తిరగ్గొట్టారు. బిల్లు కొడుకు కట్టాడు. మీ పెన్షనర్ల హెల్త్ కార్డు అక్కడ చెల్లదు. మందులు, డాక్టరు చీటీ చేతిసంచిలోనే పెట్టుకోండి.

లండన్‌కి షెంగెన్ వీసా పనికిరాదు, బ్రిటన్‌ది విడిగా తీసుకోవాలి. పాస్‌పోర్టు వాళ్ల దగ్గరే కొన్నాళ్లు ఉండిపోవచ్చు కాబట్టి రెండూ ఒకేసారి పెట్టుకోకండి. షెంగెన్‌కి ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచీ అప్లై చేయొచ్చు. జనవరిలో అది, అది చేతికొచ్చాక బ్రిటన్‌ది. బ్యాంకు స్టేట్‌మెంటులో బలంగా కనపడాలని మీ అబ్బాయి అయిదు లక్షలు వేస్తానంటే వద్దనండి. ఉన్నట్టుండి పడిన డబ్బు మీద వాళ్లకు అనుమానం. మీ పెన్షన్ జమలు, ఎఫ్‌డీ రసీదులే చాలు.

అడ్వాన్సు నగదుగా ఇవ్వకండి, బ్యాంకు ద్వారా పంపండి. ఏ తేదీ దాకా మానుకుంటే ఎంత తిరిగిస్తారో కాగితం మీద తీసుకోండి. ఇద్దరూ ఒకే విమానం ఎక్కుతున్నారు కాబట్టి ఎఫ్‌డీలకూ స్కీముకూ నామినీలు పిల్లల పేర్లున్నాయో లేదో, తోట కాగితాలు ఎక్కడున్నాయో పిల్లలకు తెలుసో లేదో ఒకసారి చూసుకోండి.

ఇంకోటి. మన ఆడవాళ్ల పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు గొడవ ఎక్కువ. ఆధార్‌లో ఒకటి, పాన్‌లో ఇనిషియల్ మాత్రమే, పాస్‌పోర్టులో పుట్టింటి పేరు. అమ్మగారివి మూడూ ఈ వారంలోనే పక్కపక్కన పెట్టి చూడండి. తేడా ఉంటే ఏజెంటుకి ఒక్క రూపాయి ఇవ్వక ముందే సరిచేయించండి.