పాత ఆల్టో సాక్సోఫోన్ కొన్నాను, రీడు (ఊదితే కంపించే సన్న పుల్ల) మార్చినా కింది స్వరాలు పలకడం లేదు. రిపేరు మనమే నేర్చుకోవచ్చా?

నేర్చుకోవచ్చు. మాది కాకినాడ. పెళ్ళిళ్ళ సీజనులో బ్యాండులో ఆల్టో వాయిస్తాను. నాది మీరట్‌లో తయారైనది, నా చేతికి వచ్చేసరికే బాగా వాడేసి ఉంది. దగ్గర్లో బాగుచేసేవాళ్ళు లేక అవసరం కొద్దీ నేనే మొదలుపెట్టాను.

మీ బాధే నాకూ వచ్చింది. డి స్వరం కిందకి దిగితే స్వరం గుడగుడలాడేది, లేదా పై స్థాయికి ఎగిరిపోయేది. రీడ్ల మీద బోలెడు డబ్బు పోసాక తెలిసింది, తప్పు నెక్కులో, అంటే పైన వంపు తిరిగిన గొట్టంలో ఉందని. రోజూ నెక్కు బిగించేటప్పుడు స్వరాన్ని పై స్థాయికి లేపే ఆక్టేవ్ కీ మీదే చెయ్యి వేసి తిప్పేవాణ్ణి. అది కొంచెం వంగి, రంధ్రాన్ని మూసే చిన్న ప్యాడు పూర్తిగా మూసుకోవడం మానేసింది. అందుకే ముందు ఈ పరీక్ష చెయ్యండి: జి స్వరానికి వేళ్ళు పెట్టి, బొటనవేలితో ఆక్టేవ్ కీ నొక్కి వదులుతూ ఉండండి. నెక్కు మీది ప్యాడు కదలనే కూడదు. కదిలితే, ఆ ప్యాడును వేలితో గట్టిగా అదిమి పట్టుకుని, కీ చివరి రింగును బయటివైపు వెంట్రుకవాసి లాగండి. మళ్ళీ చూడండి, మళ్ళీ లాగండి. ఒక్కసారే ఎక్కువ లాగేస్తే ఎ స్వరం నుంచి పైకి ఆక్టేవ్ పలకదు.

నెక్కు బాగానే ఉంటే ఏదో ప్యాడు దగ్గర గాలి పోతోంది. బి నుంచి ఒక్కో స్వరం దిగుతూ మెల్లగా ఊదండి. ఎక్కడ గొంతు సన్నబడిందో, లీకు అక్కడో దానికి పైనో ఉంటుంది. పై ప్యాడు తప్పుకి కింది స్వరాలు శిక్ష అనుభవిస్తాయి! గది చీకటి చేసి, దీపావళికి కట్టే సన్న ఎల్ఈడీ దండ గొట్టంలోకి దించి చూడండి, సందులోంచి వెలుగు కనిపిస్తుంది. కీలు మాత్రం తేలికగా నొక్కాలి. బలంగా నొక్కితే లీకు మూసుకుపోయి మనల్ని మోసం చేస్తుంది. సిగరెట్ కాగితం సన్న ముక్క ప్యాడు కింద పెట్టి లాగి చూడటం ఇంకా నమ్మకం: చుట్టూ ఒకే పట్టు ఉండాలి.

ప్యాడు అంటే అట్ట, ఫెల్టు, పైన పల్చటి తోలు. కీ గిన్నెలో దాన్ని పట్టుకునేది లక్కే, మన కంసాలులు వాడే సరుకే. స్పిరిటు దీపంతో గిన్నె వెనక వెచ్చచేస్తే కరుగుతుంది, వేడిగా ఉండగానే ప్యాడును సమంగా సర్దాలి. వేలు ఆనే ముత్యపు బిళ్ళ ఉన్న కీ అయితే మంట దాని దగ్గరికి పోనివ్వకండి. నేను ఒక బిళ్ళ అలా పోగొట్టుకున్నాను. మొదటి ప్రయత్నం పెద్ద ప్యాడు మీద వద్దు. అవి సమంగా కూర్చోవడం కష్టం.

గమకాల కోసం, సాక్సోఫోన్ మీద కర్ణాటక సంగీతం వాయించిన కద్రి గోపాల్‌నాథ్ గారు తన సాక్సోఫోన్‌లోనే మార్పులు చేసుకున్నారు. మనం ఒక ప్యాడు మార్చుకోవడానికి ఎందుకు భయపడాలి?

రోజువారీ జాగ్రత్తలు రిపేరు కన్నా ముఖ్యం. మా సముద్రపు గాలికి సూది స్ప్రింగులు తుప్పు పట్టి టప్పున విరుగుతాయి, వాటి మొదలు దగ్గర చుక్క కుట్టుమిషను నూనె వేస్తాను. వాయించాక పాత పంచె ముక్కకి దారం, చిన్న బరువు కట్టి గొట్టంలోంచి లాగుతాను. వానాకాలం పెట్టె వెంటనే మూసేస్తే ప్యాడ్లకి బూజు ఖాయం. పెళ్ళిలో స్వీటు తిని నోరు పుక్కిలించకుండా ఊదితే మర్నాడు జి షార్ప్ ప్యాడు అతుక్కుంటుంది, దాన్ని పైకి లేపే స్ప్రింగు బలహీనం కాబట్టి. నెక్కు కార్కు ఊడితే చెప్పులు అతికించే జిగురు చాలు.

టంకం ఊడిన, కీలను పట్టుకునే స్తంభాలు, గొట్టం వంకర, పెద్ద సొట్టలు మాత్రం నేను ముట్టను. పనిముట్లు లేకుండా అవి ఇంకా పాడవుతాయి.

ముందు నెక్కు పరీక్ష చేసి, ఏ స్వరం దగ్గర తడబడుతోందో ఇక్కడ రాయండి. ఏ ప్యాడు విప్పాలో అప్పుడు చూద్దాం.