నీ గీతలో కుళాయి లేదు

అమ్మడూ,

నువ్వు పంపకపోయినా నీ డ్రాయింగ్ నా దగ్గరికి వచ్చింది. మీ అమ్మ ఫోన్లో ఫోటో తీసి పంపి, కింద ఒక్క ముక్క రాసింది: "చూడు అన్నయ్యా, నీ మేనకోడలు నీ పనే పట్టింది." రాత్రి ఒంటిగంట దాకా దాన్ని పెద్దది చేసుకుంటూ, చిన్నది చేసుకుంటూ చూశాను. మీ అత్తయ్య రెండుసార్లు లేచి లైటు ఆర్పమంది.

గీత బాగుంది. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, తర్వాత తిట్లలో పడి మర్చిపోతాను. గుండ్రటి గుంట, చుట్టూ కూర్చోడానికి పొట్టి గోడ, వెనక్కి జరిపి పొగగొట్టంతో ఫైర్‌ప్లేస్. ముప్పయ్యేళ్లు నేను జానలూ మూరలూ కొలుచుకుంటూ నెట్టుకొచ్చిన పనిని నువ్వు అంగుళాలతో సహా కాగితం మీద పెట్టావు. నేను నెగడు గుంట అనేవాణ్ణి, నువ్వు ఫైర్ పిట్ అంటున్నావు. అలాగే అను. నెగడంటే నీ కస్టమర్లు డబ్బివ్వరు.

కానీ ఆ పెరట్లో నీళ్ల కుళాయి ఎక్కడుందే? లైట్లు గీశావు, పూలకుండీలు గీశావు, కుక్క పడుకునే చోటు కూడా గీశావు. కుళాయి మాత్రం లేదు. ఆ ఒక్కటీ కనపడకే నాకు నిద్ర పట్టలేదు. దాని సంగతి కాసేపాగి చెప్తాను.

ముందు నీకు తెలిసినవి తేల్చేస్తాను. ఇంటి గోడకీ కంచెకీ 10 అడుగుల దూరం మరీ కనీసం, చోటుంటే 25 అడుగులు వదులు. నెత్తిన కొమ్మలుండకూడదు. తవ్వే ముందు కింద నుంచి కరెంటు తీగ, నీళ్ల పైపు, గ్యాసు లైను ఏమైనా పోతున్నాయేమో కనుక్కో. అక్కడి అగ్నిమాపక నిబంధనలేమిటో అడుగు. లోపలి వెడల్పు 36 నుంచి 42 అంగుళాలు చాలు, అంతకు మించితే కట్టెలు దండగ తప్ప మనుషులకు వెచ్చదనం పెరగదు. గాలి ఎటు కొడుతుందో మధ్యాహ్నం చూసి నమ్మకు. వాళ్లు మంట వేసేది సాయంత్రం కాబట్టి ఆ వేళకే వెళ్లి, ఓ కర్రకి దారం కట్టి నిలబెట్టి చూడు. నేను చూసినంతలో పొగ గొడవల్లో సగం గుంటవి కావు, కుర్చీలు తప్పు వైపు వేసినవి.

డ్రాయింగులో ఓ మూల "నున్నటి ఏటి రాళ్లు" అని రాశావు. కొట్టెయ్. చూడ్డానికి అందంగా ఉంటాయి, ఒప్పుకుంటాను. కానీ ఏళ్ల తరబడి నీళ్లలో నానిన రాయి పొరల్లో తేమ ఉంటుంది. ఆ తేమ ఆవిరైతే 1,600 రెట్లకు పైగా ఉబ్బుతుంది. బయటికి పోయే దారి లేకపోతే రాయిని పగలగొట్టుకుని వస్తుంది, ఆ పెచ్చు ఎవరి కంటికి తగులుతుందో చెప్పలేం. ఎండబెట్టాం కదా అంటారు. ఎండేది పైపొర. గ్రానైటు కూడా మంట తగిలే వైపు వద్దు. అందులో ఉండే క్వార్ట్జ్ అనే ఖనిజం 573 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఒక్కసారిగా వ్యాకోచిస్తుంది, రాయి పెచ్చులూడుతుంది. లోపల ఫైర్ బ్రిక్, అంటే మంట వేడికి తట్టుకునే ఇటుక, కట్టు, బయట నీ ఇష్టం వచ్చిన రాయి అంటించుకో, రెండిటికీ మధ్య కాస్త సందు వదులు. వేడికి లోపలి వరస పెరుగుతుంది, పెరగడానికి చోటివ్వకపోతే బయటి గోడను నెట్టేస్తుంది.

ఫైర్ బ్రిక్ తెచ్చి మామూలు సిమెంటు మాలుతో కట్టేవాళ్లను చాలామందిని చూశాను. పట్టుచీరకి గోనెగుడ్డ అంచు కుట్టినట్టు. 400 డిగ్రీలు దాటాక ఆ సిమెంటులో పట్టు పోతుంది, రెండో ఏటికి వేలితో గీకితే రాలుతుంది. వేడి తట్టుకునే మాలు వేరే దొరుకుతుంది, అదే వాడు, సందు మూడు మిల్లీమీటర్లకు మించనివ్వకు. కట్టాక వారం ఆగి, ముందు మూడు నాలుగు రోజులు పుల్లలతో చిన్న చిన్న మంటలే వెయ్యి. కట్టిన రోజే భోగిమంట వేద్దామనే ఇంటాయన ఒకడు ప్రతి ఊళ్లోనూ ఉంటాడు. వాడితో గట్టిగా ఉండు.

ఫైర్‌ప్లేస్ లోతు ఎక్కువ పెట్టావు. పొయ్యి లోతుగా ఉంటే పొగ బయటికి రాదని అందరి నమ్మకం, నాదీ అదే ఉండేది. రమ్‌ఫర్డ్ అని ఒకాయన 1796లోనే దీని మీద వ్యాసం రాశాడు. లోతు తక్కువ పెట్టి, పక్క గోడల్ని బయటికి విప్పారేటట్టు వాల్చి, పైన పొగ గొట్టంలోకి పోయే గొంతు సన్నం చేస్తే, వేడి మనుషుల మీదికీ పొగ గొట్టంలోకీ పోతాయన్నాడు. వెనక గోడ వెడల్పు ముందు వెడల్పులో మూడో వంతు, లోతూ అంతే. పొగగొట్టం లోపలి విస్తీర్ణం పొయ్యి నోటి విస్తీర్ణంలో పదో వంతుకు తగ్గకుండా చూసుకో. నేను ఇది తెలుసుకునేసరికి పొగ వెనక్కి కొట్టే ఫైర్‌ప్లేసులు రెండు కట్టేశాను. ఒకదాన్ని నా డబ్బుతోనే పడగొట్టి కట్టాను.

ఇక కుళాయి దగ్గరికి వస్తాను.

మీ అన్న కుడి అరికాలి మీద ముడుచుకుపోయిన చర్మం చూశావు కదా. చిన్నప్పుడు వేణ్ణీళ్లు పడ్డాయని మీ అమ్మ నీకు చెప్పింది. వేణ్ణీళ్లు కాదు.

అప్పుడు వాడికి నాలుగేళ్లు, నువ్వు మీ అమ్మ కడుపులో ఉన్నావు. వాళ్లు మా ఇంటికి వచ్చి నాలుగు రోజులు అయింది. పెరట్లో నేను కొత్తగా కట్టుకున్న గుంట ఉంది, రాత్రి దాని చుట్టూ కూర్చున్నాం. పది దాటాక అందరూ లోపలికి వెళ్లారు. నేను ఎప్పుడూ చేసే పనే చేశాను. నాలుగు తట్టల ఇసుక పోసి పారతో చదును చేశాను. కాలిన ఇటుక మీద చన్నీళ్లు పడితే బీట వస్తుంది, అది నిజమే, నా ఇటుకలకు బీట రాకూడదని నా పంతం. కస్టమర్లకు కూడా ఏదో పెద్ద కిటుకు చెప్తున్నట్టు గొంతు తగ్గించి చెప్పేవాణ్ణి: "నీళ్లు పొయ్యకండి, ఇసుక వెయ్యండి."

ఇసుకతో మంట చస్తుంది గానీ నిప్పు చావదు. కణికల వేడి ఎటూ పోలేక అడుగున అలాగే ఉండిపోతుంది, మనమే దానికి దుప్పటి కప్పినట్టు. పొగ రాదు, ఎరుపు కనపడదు. పొద్దున ఏడింటికి చూస్తే గుండ్రంగా, చదునుగా, మెత్తటి ఇసుక. నాలుగేళ్ల పిల్లాడికి అంతకంటే ఏం కావాలి?

కుడి కాలు దిగబడింది, ఎడమ కాలు ఇంకా అంచు మీదే ఉంది. వాడు వెనక్కి గెంతలేదమ్మడూ. ఆ వయసు పిల్లలకు ఒక్కోసారి కాలుతున్న చోటు నుంచి పక్కకు రావాలని తోచదు, అక్కడే నిలబడి ఏడుస్తారు. నేను ముందువైపు కుళాయి దగ్గర పళ్లు తోముకుంటున్నాను. బ్రష్షు నోట్లోనే పెట్టుకుని పరిగెత్తాను. వాణ్ణి ఎత్తుకున్నాక మళ్లీ కుళాయి దగ్గరికి తీసుకెళ్లాలని తోచలేదు, అది ఇంటికి అటువైపు ఉంది. చేతిలో టూత్‌పేస్టు ఉంది, అదే రాశాను. ఆస్పత్రిలో ముందు ఆ పేస్టు కడగాల్సి వచ్చింది, అప్పుడు వాడు ఏడ్చిన ఏడుపు మొదటిదానికంటే ఎక్కువ. తొడ మీది చర్మం తీసి అరికాలికి వేశారు. మధ్యాహ్నం బట్టల కోసం ఇంటికొచ్చి, పార తీసుకుని ఆ ఇసుక తిరగేశాను. అడుగున బొగ్గులు అప్పటికీ చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉన్నాయి.

అప్పటికి పదిహేడు ఇళ్లలో గుంటలు కట్టాను. నెల తిరక్కుండా పదిహేడు ఇళ్లకూ వెళ్లి, ఇసుక మాట తప్పు, నీళ్లు పొయ్యండి అని చెప్పాను. ఒకాయన నవ్వాడు. ఒకావిడ ఆ రోజే గుంట పూడ్పించేసింది. ఒక ఇంటికి తాళం ఉంది. మూడుసార్లు తిరిగి, చివరికి తలుపు కింద నుంచి చీటీ తోసి వచ్చాను. అది వాళ్లు చదివారో, చిత్తుకాగితమని ఊడ్చేశారో, ఈ రోజుకీ తెలియదు.

వేణ్ణీళ్ల కథ మీ అమ్మ కట్టింది. నీ ముందు నా తల వంగకూడదని. మీ అన్నకి మాత్రం పెద్దయ్యాక నేనే చెప్పాను. వాడు కాసేపు కాలు చూసుకుని, "నీ పనితనం గట్టిదే మామయ్యా, పొద్దుటికి కూడా వేడి చుక్క పోలేదు" అన్నాడు, వెధవ.

అందుకని నువ్వు గుంట కట్టి ఇంటివాళ్లకు అప్పజెప్పే రోజు ఎలా వెలిగించాలో చెప్పకు. అది ఎవరికైనా వచ్చు (పెట్రోలు మాత్రం దగ్గరికి రానివ్వద్దని చెప్పు, దాని ఆవిరే అంటుకుంటుంది). ఆర్పడం చేసి చూపించు. లోపలికి వెళ్లడానికి గంట ముందే కట్టెలు వెయ్యడం ఆపాలి. కణికలు కర్రతో పరచాలి. పక్కన నిలబడి, ఆవిరి మొహానికి కొట్టకుండా, మధ్యలో సన్నగా నీళ్లు పోసి కలపాలి. మళ్లీ పొయ్యాలి, మళ్లీ కలపాలి, చుయ్యిమనడం ఆగేదాకా. చివర అరచేతి వెనకవైపు దగ్గరగా పెట్టి చూడాలి, సెగ తగిలితే ఇంకా అవలేదన్నట్టే. ఇటుక బీటవారితే వారనీ. పది ఇటుకలు ఎక్కువ తెప్పించి వాళ్ల దగ్గరే ఉంచి రా. నీ గీతలో గుంట అడుగున కంకర మూడంగుళాలే చూపించావు, ఆరు వెయ్యి, లేకపోతే పోసిన నీళ్లు మర్నాటికి బురద. బూడిద మూత ఉన్న ఇనప డబ్బాలోకే ఎత్తాలి, ఇంటికి దూరంగా రోజుల తరబడి ఉంచాకే పారెయ్యాలి.

వాళ్లు మనసు మార్చుకుని గ్యాసు గుంట కావాలంటే ఈ నీళ్ల పాఠం వర్తించదు, చేతికందేంత దూరంలో గ్యాసు కట్టేసే వాల్వు పెట్టు. సిలిండర్ గ్యాసు గాలికంటే ఒకటిన్నర నుంచి రెండు రెట్లు బరువు, లీకయితే గుంటలోనే పేరుకుంటుంది. కింద ఎదురెదురుగా రెండు కంతలు లేకుండా కట్టకు. లైను కలిపే పని నువ్వు చెయ్యకు, ఆ పని చేతనైనవాణ్ణి పిలువు.

కుళాయి ఎక్కడ పెట్టాలో కూడా చెప్తాను. పొట్టి గోడకి ఎడమవైపు, నువ్వు రెండు కుండీలు గీసిన చోట. ఒక కుండీ తీసెయ్. రబ్బరు పైపు గుంటను దాటి అవతలి అంచుకు చేరాలి. కాలితే పేస్టు కాదు, ఐసు కాదు, పారే నీళ్ల కింద 20 నిమిషాలు, ఆ తర్వాతే ఆస్పత్రి. కాబట్టి దాని పక్కనే మనిషి కూర్చోడానికి ఓ రాయి కూడా వెయ్యి.

అవన్నీ మార్చి మళ్లీ పంపు. మీ అమ్మకి కాదు, నాకే పంపు. మొదటి మంట ఏ రోజో చెప్తే వస్తాను, మీ అన్నని కూడా లాక్కొస్తాను. వెలిగించడం నువ్వే వెలిగించు. అందరూ లోపలికి వెళ్లాక బకెట్టు నాకు ఇచ్చేసి నువ్వూ పడుకో.

మీ మామయ్య