మోకాలి నొప్పికి హిప్నాటిజమా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 54 ఏళ్లు. రెండేళ్లుగా మోకాళ్ల నొప్పులు. మెట్లు దిగాలంటే ప్రాణం పోతోంది. ఎక్స్‌రే తీసి గుజ్జు అరిగిందన్నారు. అమీర్‌పేటలో ఎవరో హిప్నాటిజంతో నొప్పులు తగ్గిస్తారట, మా అబ్బాయి పది సిట్టింగుల ప్యాకేజీ మాట్లాడి వచ్చాడు. మా ఆయనేమో ‘నొప్పంతా నీ మనసులోనే ఉంది’ అంటుంటారు. హిప్నాటిజంతో తగ్గితే ఆయన మాటే నిజమైనట్టా?
– ఒక గృహిణి, మలక్‌పేట

జవాబు: కాదమ్మా. మీ ఆయన కాలి బొటనవేలు గుమ్మానికి కొట్టుకున్నా ఆ నొప్పి తెలిసేది మెదడులోనే. అంతమాత్రాన వేలికి దెబ్బ తగల్లేదంటామా?

1997లో కెనడాలోని మాంట్రియల్‌లో పరిశోధకులు కొందరిని హిప్నసిస్‌లోకి తీసుకెళ్లి, చేతిని 47 డిగ్రీల వేడినీళ్లలో పెట్టించారు. ‘అంత ఇబ్బందిగా ఏమీ లేదు’ అని సూచనలిస్తే, నొప్పి ఇంచుమించు ముందున్నంతే ఉందన్నారు గానీ దాన్ని ఓర్చుకోవడం తేలికైంది. స్కానింగ్‌లో చూస్తే స్పర్శను పసిగట్టే భాగంలో పెద్ద తేడా లేదు. బాధతో సంబంధమున్న యాంటీరియర్ సింగులేట్ అనే చోట మాత్రం మార్పు కనిపించింది. నొప్పి, బాధ అని మనకు రెండు మాటలు ఎప్పటినుంచో ఉన్నాయి. వాళ్లకు స్కానింగ్ దాకా వెళ్లాల్సి వచ్చింది!

నేను ముప్పై ఏళ్లు మత్తు డాక్టరుగా పనిచేశాను. ఒకసారి హెర్నియా ఆపరేషన్‌కి ఓ ఆర్టీసీ కండక్టర్ వచ్చాడు. వెన్నులో సూది అనగానే ఒకటే వణుకు. నీ బస్సు ఎక్కడెక్కడ ఆగుతుందో వరసగా చెప్పమన్నాను. కళ్లు మూసుకుని కోఠిలో మొదలుపెట్టాడు. ఆబిడ్స్, నాంపల్లి దాటి లక్డీకాపూల్ చేరేసరికి నా పని అయిపోయింది. ‘ఇంకా వేయలేదా మేడమ్?’ అన్నాడు. అది హిప్నాటిజం కాదు, దానికి మేనత్త కూతురు అనుకోండి.

మరి అసలు హిప్నాటిజం అందరికీ పనిచేస్తుందా అంటే, అక్కడే ఉంది చిక్కు. 1845లో బెంగాల్‌లోని హుగ్లీలో జేమ్స్ ఎస్డేల్ అనే సర్జన్, హిప్నాటిజానికి పాత రూపమైన మెస్మరిజంతోనే పెద్ద పెద్ద గడ్డలు కోసి తీసేవాడు. ఒక్కో రోగి మీద మనుషులు గంటలకొద్దీ చేతులు ఆడిస్తూ కూర్చోవాలి, అయినా కొందరికి పట్టేది కాదు. మూడేళ్లు తిరిగేలోగా ఈథర్, క్లోరోఫాం వచ్చి ఎవరినైనా నిమిషాల్లో నిద్రపుచ్చాయి. ఆ క్లోరోఫాం గుండెకు ప్రమాదమా కాదా అని 1888, 89లలో మన అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి డాక్టరు ఎడ్వర్డ్ లారీ కమిషన్లే నడిపారు, నిజాం ఖర్చుతో. మెస్మరిజం ఊసెత్తినవాళ్లు అప్పటికి ఎవరున్నారు!

మీకు పడుతుందో లేదో ఎలా తెలుస్తుంది? సీరియల్ చూస్తూ స్టౌ మీద పాలు పొంగినా గమనించని రకమైతే కాస్త ఆశ ఉంది. ఒకటి రెండు సిట్టింగుల్లోనే కొంత తేలిపోతుంది, అందుకే పదింటికీ ముందే డబ్బు కట్టొద్దు. బోర్డు చూసి కాకుండా, ఇందులో శిక్షణ ఉన్న సైకియాట్రిస్టు దగ్గరికో క్లినికల్ సైకాలజిస్టు దగ్గరికో వెళ్లండి. ఇంట్లో మీ అంతట మీరు చేసుకునేలా నేర్పుతారా అని అడగండి. నేర్పనంటే లేచి వచ్చేయండి.

అరిగిన గుజ్జు దీనితో తిరిగి రాదు. తొడ కండరాల వ్యాయామం, ఆర్థో డాక్టరు రాసిన మందులు మానొద్దు. మోకాలు ఎర్రగా వాచి జ్వరం వచ్చినా, మడత పడి ఇరుక్కుపోయినా సిట్టింగ్ సంగతి తర్వాత, ముందు ఆర్థో దగ్గరికి పరుగెత్తండి. ఆ నొప్పిని జోకొట్టకూడదు.

వెళ్లే రోజు మీ ఆయన్నీ తీసుకెళ్లండి. బయట కుర్చీలో పేపరు చదువుతూ కూర్చోనివ్వకుండా, లోపలికి.