గడ్డి మంటే గదా అనుకోవద్దు

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: మా తమ్ముడు ఈ వేసవికి అమ్రాబాద్ అడవిలో ఫైర్ వాచర్‌గా చేరాడు. టీవీలో అమెరికా కార్చిచ్చులు చూసినప్పటి నుంచి మా అమ్మకు కంటి మీద కునుకు లేదు. తమ్ముడేమో మన నల్లమలలో చెట్లు అట్లా నిలువునా అంటుకోవని, కింద ఆకూ గడ్డీ మాత్రమే కాలుతుందని కొట్టిపారేస్తున్నాడు. వాడి మాట నమ్మవచ్చా?
— ఒక పాఠకురాలు, అచ్చంపేట

జవాబు: మీ తమ్ముడు అడవి గురించి చెప్పింది నిజమే, ప్రమాదం గురించి అనుకుంటున్నది మాత్రం నిజం కాదు. నల్లమల ఆకురాల్చే అడవి కనుక ఎండలు ముదిరేసరికి టేకు, నల్లమద్ది, తునికి ఆకులు నేల మీద మందంగా పరుచుకుంటాయి; వాటి నడుమ బోదగడ్డి నిలువునా ఎండి ఉంటుంది. ఫిబ్రవరి నుంచి వానలు పడేదాకా అంటుకునే మంటల్లో అధికభాగం ఈ ఆకునూ గడ్డినీ కాల్చుకుంటూ పోయేవే తప్ప చెట్ల తలల మీదుగా పరుగెత్తేవి కావు. అయితే మంటలార్పే సిబ్బంది మరణాలను పరిశీలించిన అమెరికా అటవీ నిపుణులు తేల్చిన సంగతి వింటే మీ తమ్ముడికి కొంత బెదురు పుట్టవచ్చు. ప్రాణాలు పోయిన చాలా సందర్భాల్లో మంట చిన్నదే, లేదా పెద్ద మంటలో సద్దుమణిగినట్టు కనిపించిన పక్క; కాలుతున్నది గడ్డీ చిన్న పొదలే; గాలి ఉన్నట్టుండి దిక్కు మార్చుకున్నప్పుడో, మంట ఏటవాలు మీదికి ఎగబాకినప్పుడో మనుషులు చిక్కుకుపోయారు.

ఎందుకంటే మొద్దు అంటుకోవడానికి వ్యవధి కావాలి, ఎండుగడ్డికి అది అక్కరలేదు. తెల్లవారుజామున చెమ్మకు మెత్తబడిన గడ్డి ఎండ ఎక్కిన కొద్ది గంటలకే పెళపెళమంటుంది కాబట్టి, పొద్దున మోకాలెత్తు కూడా లేని మంటను చూసి వేసుకున్న అంచనా మధ్యాహ్నానికి పనికిరాదు. దానికి వాలు తోడైతే సంగతి మరింత మారిపోతుంది. వాలు పది డిగ్రీలు పెరిగినప్పుడల్లా మంట వేగం ఇంచుమించు రెట్టింపవుతుందని ఒక లెక్క ఉన్నది. మనిషి సంగతి దీనికి తలకిందులు: ఎక్కేకొద్దీ అతని అడుగు మందగిస్తుంది. కృష్ణ వైపు దిగే నిట్రవాలుల్లో మంటకు పైన నిలబడి పని చేయడం ఎంత చిన్న మంటకైనా తగదు.

అన్నింటికన్నా మోసకరమైనది గాలి. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం పూట మబ్బు పట్టి, వానకు ముందు చల్లటి ఈదురుగాలి వీస్తే పొద్దంతా వేడిలో ఉన్నవారికి ప్రాణం లేచివచ్చినట్టు ఉంటుంది; మంట దగ్గర ఉన్నవారు భయపడవలసిన క్షణం సరిగ్గా అదే. 2013 జూన్ 30న అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో యార్నెల్ హిల్ వద్ద, బాగా తర్ఫీదు పొందిన 20 మంది బృందంలో 19 మంది ఒకేసారి కాలిపోయారు. ఉరుముల మబ్బు కిందినుంచి తన్నుకొచ్చిన గాలి మంటను వారి వైపు తిప్పింది. అప్పటికే కాలి నల్లబడిన, ప్రమాదం లేని నేల మీద ఉన్నవారు దాన్ని విడిచి, ఇంకా అంటుకోని పొదల గుండా మరోచోటికి నడుస్తుండగా ఇది జరిగింది. మంటను కనిపెట్టి చూడడానికి వేరేచోట కాపలా నిలబడినవాడు ఒక్కడే మిగిలాడు. మీదికి కప్పుకునే అల్యూమినియం పూత గుడారాలు వారి దగ్గర ఉన్నాయి, కప్పుకున్నారు కూడా. అవి సెగను వెనక్కి కొట్టగలవు గానీ మంటే వచ్చి తాకితే ఎక్కువసేపు నిలవలేవు.

ఇదంతా పరాయి దేశం ముచ్చట అనుకోవద్దు. 2020 ఫిబ్రవరిలో కేరళలోని త్రిస్సూర్ జిల్లాలో మంటలార్పబోయిన ముగ్గురు వాచర్లు చనిపోయారు. 2024 జూన్ 13న ఉత్తరాఖండ్‌లోని బిన్సర్ అభయారణ్యంలో నలుగురు అటవీ సిబ్బంది అక్కడికక్కడే ప్రాణాలు కోల్పోయారు, మరికొందరు గాయపడ్డారు. వీరిలో చాలామంది మీ తమ్ముడి వంటి చిన్న ఉద్యోగులే.

మంట తాకకపోయినా దెబ్బ తగలవచ్చు. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ ముందుగా తలనొప్పి తెస్తుంది, ఆ తర్వాత ఆలోచనను మందగింపజేస్తుంది. ఎటు పోవాలో నిర్ణయించుకోవలసిన వేళకు నిర్ణయించే శక్తే తగ్గుతుంది. 42 డిగ్రీల ఎండలో, మంట సెగలో, వీపున ఆకులు ఊదే బ్లోయర్ మోస్తూ పని చేసేవారికి గంటకు లీటరు దాకా నీరు అవసరం కాగా, చాలాచోట్ల ఒక సీసాతో పొద్దు గడుపుతారు. వడదెబ్బా గుండెపోటూ ఇక్కడ కాచుకొని ఉంటాయి. మంట ఆరినట్టు కనిపించాక లోపల కాలుతున్న మొదలు తెగి చెట్టు చప్పుడు లేకుండా ఒరుగుతుంది. వేరు కాలిపోయిన చోట పైన బూడిద, కింద నిప్పుల గొయ్యి ఉంటుంది, చెప్పులతో నడిచేవాడి కాలు అందులో దిగబడితే మడమ దాకా కాలుతుంది. రుణశేషం, అగ్నిశేషం, శత్రుశేషం ఉంచరాదని మనవాళ్లు అన్నారు గానీ, ఆ అగ్నిశేషాన్ని ఆర్పే పని ఎంత ప్రమాదమో చెప్పలేదు.

కాబట్టి తమ్ముణ్ణి ఉద్యోగం మానమనవద్దు, కొన్ని మాటలు అడగండి. మంట మీద కన్నేసి ఉంచడానికి ఒక మనిషిని ప్రత్యేకంగా నిలబెడుతున్నారా? వాకీటాకీ అందని లోయలో ఎవరు ఎవరికి కబురు చెబుతారు? పని మొదలుపెట్టకముందే తప్పించుకునే దారినీ, చేరవలసిన కాలిన నేలనూ చూసుకుంటున్నారా? మంటకు ఎదురుగా కాక, కాలిన వైపు నుంచి పక్కల వెంబడి ఆర్పుకుంటూ పోవాలన్నది తెలుసా? ఒంటి మీద నూలు బట్టలు, కాళ్లకు తోలు బూట్లు ఉండాలి. నైలాన్, పాలిస్టర్ బట్టలు కరిగి చర్మానికి అంటుకుంటాయి. వెంట ఉన్న చెంచు పెద్దలు గాలి మారుతున్నదంటే, ఆ మాటను అధికారి ఉత్తర్వుకన్నా ముందు వినడం మేలని నా అభిప్రాయం.

ప్రశ్న: మంట వస్తుంటే దానికి ఎదురుగా ఇంకో మంట పెడితే రెండూ కలిసి ఆరిపోతాయని మా ఊళ్లో అంటారు. ఇందులో నిజమెంత?
— ఒక రైతు, చందంపేట మండలం, నల్గొండ జిల్లా

జవాబు: పద్ధతి నిజమైనదే, చేసేవాడు మీరు కాకూడదు. వచ్చే మంటకు తినడానికి ఏమీ మిగలకుండా ముందుగానే కాల్చివేయడం దీని కిటుకు. శిక్షణ ఉన్నవారు ఫైర్ లైన్‌ను, అంటే మంట దాటకుండా ఆకూ గడ్డీ తీసేసిన నేలపట్టీని ఆనుకొని, గాలిని చూసి, రెండు పక్కలా మనుషులను నిలబెట్టి ఇది చేస్తారు. లైన్ లేకుండా పొలం గట్టు మీద అగ్గిపుల్ల గీస్తే ఒక మంట కాస్తా రెండవుతుంది. 1949 ఆగస్టు 5న అమెరికాలోని మాన్ గల్చ్ లోయలో మంట తరుముకొస్తుండగా బృంద నాయకుడు వాగ్నర్ డాడ్జ్ తన ముందరి గడ్డికి తానే నిప్పుపెట్టి, ఆ బూడిదలో బోర్లా పడుకొని బతికాడు. తనతోపాటు రమ్మని కేకవేసినా మిగతావారు వాలు మీదికి పరుగెత్తారు. 13 మంది చనిపోయారు. అతడు చేసింది మంటను ఆపడానికి కాదు, కాలిన నేలను సంపాదించుకోవడానికి. ఈ తేడా తెలియక చాలామంది ఆ కథను తప్పుగా చెబుతుంటారు.

ప్రశ్న: ఉపగ్రహాలే మంటను పసిగట్టి ఫోన్లకు సందేశం పంపుతున్నప్పుడు, మనుషులను అడవిలో తిప్పడం ఎందుకు?
— ఒక విద్యార్థి, మహబూబ్‌నగర్

జవాబు: డెహ్రాడూన్‌లోని భారత అటవీ సర్వే సంస్థ ఆ సందేశాలు పంపుతున్న మాట వాస్తవం. అందుకు వాడే, ఉపగ్రహంలో అమర్చిన వీఐఐఆర్ఎస్ అనే పరికరం నేలను 375 మీటర్ల గళ్లుగా చూస్తుంది, రోజుకు కొన్నిసార్లే మన మీదుగా పోతుంది. ఆ మధ్యలో గడ్డి మంట గుట్ట దాటిపోవచ్చు. పైగా గడిలో ఏ వాగు పక్కన, ఎంత వాలు మీద కాలుతున్నదో చూడవలసింది నేల మీదున్న మనిషే. ఆర్పవలసిందీ అతనే.

ప్రశ్న: సలేశ్వరం జాతరకు నడిచిపోయే దారిలో మంట కనిపిస్తే, యువకులం పచ్చికొమ్మలతో కొట్టి ఆర్పవచ్చా?
— భక్త బృందం, కల్వకుర్తి

జవాబు: వద్దు. అది లోయలోకి దిగే ఇరుకు దారి. కింద అంటుకున్న మంట సెగ పైకే వస్తుంది. పిల్లలనూ ముసలివారినీ ముందు పెట్టుకొని, గాలి వీచే దిక్కును వదిలి పక్కకు తప్పుకోండి. రాతిబండ గానీ అప్పటికే కాలిన నేల గానీ కనిపిస్తే అక్కడ ఆగి, దారిలోని అటవీ సిబ్బందికి కబురు చేయండి. బీడీలు, అగ్గిపెట్టెలు చెక్‌పోస్టు దగ్గరే అప్పగిస్తే ఈ ప్రశ్నే రాదు.