25 యూనిట్లకు 363 రూపాయలా?

ప్రశ్న: మాది వరంగల్. ఏప్రిల్‌లో 190 యూనిట్లు కాలాయి, మేలో 215. ఆ 25 యూనిట్లకే బిల్లు 360 రూపాయలకు పైగా పెరిగింది. మీటరు తప్పు తిరుగుతోందా? మూడు వేలు పెట్టి, కరెంటు తక్కువ తీసుకునే బీఎల్‌డీసీ మోటారు ఫ్యాన్ కొందామంటున్నాడు మా అబ్బాయి. కొనొచ్చా?

జవాబు: మీటరును అనుమానించకండి, స్లాబును (వాడకాన్ని బట్టి యూనిట్ ధర మారే మెట్టును) చూడండి. తెలంగాణలో 2022 ఏప్రిల్ నుంచి అమలైన టారిఫ్‌లో వాడకం 100 దాటి 200 లోపు ఉంటే మొదటి వందకు యూనిట్ 3.40, తర్వాతి వందకు 4.80 రూపాయలు. 200 దాటితే మొదటి 200 యూనిట్లకూ ధర మారిపోయి 5.10 అవుతుంది, ఆపైన 300 వరకు 7.70. అంటే 200 యూనిట్లకు 820 రూపాయలు, 201కి 1,027.70. ఆ ఒక్క యూనిట్ ఖరీదు 207 రూపాయలు! మీ 190కి 772, 215కి 1,135.50. మిగతా చార్జీలు వేరే.

యూనిట్ అంటే కిలోవాట్ అవర్: వెయ్యి వాట్ల వస్తువు గంటసేపు నడిస్తే ఒక యూనిట్. అయినా మీటరు మీద అనుమానం తీరకపోతే ఇంట్లో అన్నీ ఆపేసి, వెయ్యి వాట్ల వాటర్ హీటర్ రాడ్ ఒక్కటే అరగంట పెట్టి చూడండి. అర యూనిట్ తిరగాలి. (స్విచ్ ఆపాకే నీళ్లలో చెయ్యి పెట్టండి.)

ఇక ఫ్యాన్. మామూలుది 75 వాట్లు, బీఎల్‌డీసీ సుమారు 30. రోజుకు 12 గంటలు తిరిగితే నెలకు 16 యూనిట్లు తగ్గుతాయి. మీ 215 కాస్తా 199 అవుతుంది, 320 రూపాయలు మిగులుతాయి. అయితే ఇది 200 గీత దగ్గర ఉన్న నెలల మాట. 180 కాలే నెలలో అవే 16 యూనిట్లకు మిగిలేది 77 రూపాయలే. షాపువాడు ఈ తేడా చెప్పడు. ఏడాదిలో మూడు నెలలు మే నెలలా ఉన్నా రెండేళ్లలో డబ్బు తిరిగొస్తుంది. కాబట్టి కొనండి, కానీ ఈఎంఐ మీద వద్దు. ఎక్కువసేపు తిరిగే గదిలో ఒక్కటే మార్చండి.

గృహజ్యోతి (నెలకు 200 యూనిట్ల వరకు ఉచిత కరెంటు పథకం) ఉన్నవాళ్లకు 200 దాటితే ఆ నెల బిల్లు మొత్తం కట్టాల్సిందే. మీకు ఆ పథకం ఉంటే ఈ ఫ్యాన్ ఒక్క నెలలోనే వెయ్యికి పైగా ఆదా చేయగలదు. రీడింగ్ తీసిన ఇరవయ్యో రోజున మీటరు చూడండి. 133 యూనిట్లు దాటి ఉంటే మిగిలిన పది రోజులూ ఇస్త్రీ, గీజర్ కాస్త తగ్గించుకోండి.