అది పిల్ల సొర కాదండీ, తల్లే

అడుగున్నర సొర కడుపు కోస్తే బొడ్డుతాళ్లతో పిల్లలు కనిపించాయి, ఇది పెద్ద సొర పిల్లేనా, సొరలు గుడ్లు పెట్టవా అని అడిగారు కదా. మీరు చెప్పిన గుర్తులు స్కోలియోడాన్ లాటికాడస్ అనే చిన్న సొర జాతికి సరిపోతున్నాయి. ఒకప్పుడు డిగ్రీలో జువాలజీ చదివినవాళ్లు ల్యాబ్‌లో కోసింది ఈ జాతినే. మన తీరంలో లోతు తక్కువ నీళ్లలో తిరుగుతుంది. సుమారు 35 సెంటీమీటర్లకే ఈడుకొస్తుంది కాబట్టి మీరు చూసింది పూర్తిగా ఎదిగిన ఆడ సొర.

ఇక బొడ్డుతాడు. కొన్ని సొరలు గుడ్లు పెడతాయి, చాలావాటికి పిల్లలే పుడతాయి. వాటిలోనూ ఇది ప్రత్యేకం. దీని గుడ్డు దాదాపు 1 మిల్లీమీటరు, అందులో సొన ఉందా లేదా అన్నట్టు ఉంటుంది. అంత చిన్న గుడ్డులోంచి 12 నుంచి 15 సెంటీమీటర్ల పిల్ల ఎలా తయారవుతుంది? తల్లి గర్భాశయపు గోడకి జరాయువు (మాయ) అంటుకుని, ఆ తాడు గుండానే ఆహారం అందుతుంది. దాదాపు మనలాగే! నాకైతే ఎన్నిసార్లు చదివినా ఆశ్చర్యమే.

మళ్లీ దొరికితే ముక్కు చూడండి, తాపీలా చదునుగా, వెడల్పుగా ఉంటుంది. వీపు మీది మొదటి రెక్క బాగా వెనక్కి జరిగి, పొత్తికడుపు రెక్కలకి దగ్గరగా ఉంటుంది. ఆ రెండూ కలిస్తే డౌటే అక్కర్లేదు. కడుపుతో ఉన్నది వలలో ప్రాణంతో కనిపిస్తే మాత్రం దయచేసి వెంటనే నీళ్లలోకి వదిలేయండి.