కియారా ఒక్క మాట కాదు

అమ్మాయీ,

నీ కథ రెండుసార్లు చదివాను. నాయనమ్మ పాత్ర బాగా కుదిరింది. నాకు అడ్డం తగిలింది ఉయ్యాల సీన్‌లో పాప పేరు గురించి రాసిన పేరా. 'కియారా అనే ఒక్క మాటలో ఐరిష్ చీకటి, ఇటాలియన్ వెలుగు దాగున్నాయి' అన్నావు. వినడానికి బాగుంది. కానీ అది ఒక్క మాట కాదు, రెండు.

ఐరిష్‌లో 'కీర్' అంటే నలుపు. దాన్నుంచే మగపిల్లాడికి కీరన్, ఆడపిల్లకు కీర. 6వ శతాబ్దంలో షానన్ నది ఒడ్డున క్లోన్‌మక్‌నాయిస్ మఠం పెట్టిన సన్యాసి కూడా కీరనే. మన కృష్ణుడి పేరుకూ అర్థం నలుపే కదా, దాన్ని చీకటి అనుకుంటామా?

ఇటాలియన్ పేరుది వేరే దారి. లాటిన్‌లో మాట మొదట 'క్ల' ఉంటే ఇటాలియన్‌లో అది 'క్య' అయింది. తాళంచెవికి 'క్లావిస్' అన్న మాట 'క్యావే' అయినట్టే, 'క్లారా' కాస్తా 'క్యారా' అయింది. అర్థం వెలుగు, తేట. ఇటలీలోని అసిసీ ఊరి సెయింట్ క్లేర్ అక్కడివాళ్లకు క్యారానే. ఆమె జబ్బుపడి మంచం మీదుంటే, చర్చిలో జరిగే క్రిస్మస్ పూజ గది గోడ మీద కనిపించిందట. అందుకని 1958లో పోప్ ఆమెను టెలివిజన్‌కు రక్షకురాలిగా ప్రకటించాడు! నీ కథకు పనికిరాదు గానీ, చెప్పకుండా ఉండలేకపోయాను.

ఇంకో తమాషా. మనవాళ్లు ఈ పేరును ఇంగ్లీషులో రాసేటప్పుడు మొదట పెట్టే 'కె' అక్షరం ఆ రెండు భాషల సొంత అక్షరమాలల్లోనూ లేదు.

చెవికి ఒకేలా వినపడగానే చుట్టరికం కలపకు. తాగే పాలు, వాటా అనే పాలు వేరువేరు మాటలు. కష్టంలో పాలుపంచుకున్నాడంటే గ్లాసుల్లో పోశాడని కాదుగా! నేనూ నీ వయసులో ఇంగ్లీషు 'మనీ' మన 'మణి' నుంచే వచ్చిందని ఓ కథలో రాసేశాను. అది లాటిన్ 'మొనేటా' నుంచి వచ్చిందని ఒక పాఠకుడు పోస్టుకార్డు రాశాడు. వారం రోజులు ఎవరికీ మొహం చూపించలేదు.

ఆ పేరా తీసెయ్. దాని బదులు నాయనమ్మను పిలవనివ్వు. ఆవిడకు 'కియారా' నోరు తిరక్క 'కీరా, కీరా' అంటుంది. కోడలు 'దోసకాయా అత్తయ్యా?' అని విసుక్కుంటుంది. ఐరిష్ వాళ్లు పలికే తీరుకు ఆ ఇంట్లో అందరికన్నా దగ్గరగా పలికింది ఆ ముసలావిడే. ఆ సంగతి మాత్రం కథలో ఎవరిచేతా చెప్పించకు.

ఆశీస్సులతో,
మాస్టారు